రెండో గేరు

పాత స్పోర్ట్స్ కారు బానెట్ ఎత్తి ఇంజను మీదికి వంగిన పెద్దాయన, దాన్ని అమ్మకానికి పెట్టిన కుర్రాణ్ణి అడిగాడు.

"ఆయిల్ తాగుతుందా?"

"చుక్క కూడా తాగదండీ. ఇంజను ఉక్కుముక్క. చిక్కంతా గేర్‌బాక్స్‌తోనే. బండి చల్లగా ఉంటే రెండో గేరు పడి చావదు. ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద మొరాయిస్తుంది. ఇంజను ఎంత గట్టిదైతే మాత్రం ఏం లాభం?"

"లోపాలన్నీ నువ్వే చెప్పేస్తే ఎవరు కొంటారు బాబూ?"

"కొన్నాక నన్ను తిట్టుకోకూడదు కదండీ."

పెద్దాయన నడిపి కూడా చూడకుండా సంబరంగా ఇంటికెళ్ళాడు. ఆయనకు కావలసింది కారు కాదు. కూతురు మనసుపడిన కుర్రాడు ఎలాంటివాడో, తానెవరో చెప్పకుండా చూసి రావాలని వెళ్ళాడు.

"తన సరుకుకు తానే వంక చెప్పేవాణ్ణి ఇప్పుడే చూశాను. కళ్ళు మూసుకుని చేసుకో," అన్నాడు కూతురితో. బంధువులందరి దగ్గరా అదే పాట.

పెళ్ళయ్యాక ఒక పొద్దున అల్లుడు ఆయన్ని అదే కార్లో షికారుకు తీసుకెళ్ళాడు. ఇంజను ఇంకా వేడెక్కనే లేదు, రెండో గేరు కిక్కురుమనకుండా పడింది.

"గేర్‌బాక్స్ బాగు చేయించావా అల్లుడూ?"

"దానికెప్పుడూ ఏమీ కాలేదు మామయ్యా. అమ్మెయ్యమని నాన్న ఒకటే పోరు. నాకేమో ప్రాణం ఒప్పలేదు. అందుకే వచ్చినవాళ్ళందరికీ అలా చెప్పేవాణ్ణి. మీరూ కొనడానికే వచ్చారనుకున్నాను."

"ఈ ముక్క అమ్మాయితో అనకు," అన్నాడు మామగారు. "నీ నిజాయితీకి పూచీ ఉన్నది నేను."