జాగిలం బాబాయి

"ఆ శాలువా నాది!"

"కాదండీ, నాది!"

స్టేషన్లో పోయిన సామాన్ల గది ముందు ఇద్దరు పట్టుబట్టి కూర్చున్నారు. తోలు సంచీ ఆవిడ రంగు, అంచు, మూలన చిరుగు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేసింది.

"రైల్లో నా పక్కనే కూర్చుంది, అంతా చూసి చెబుతోంది!" అని మొత్తుకుంది రెండో అమ్మాయి.

"మరి నువ్వూ చెప్పమ్మా గుర్తులు" అంది కౌంటర్లోని గుమస్తా పిల్ల.

"బూడిద రంగనుకుంటా... నేనెప్పుడూ చీకట్లోనే కప్పుకుంటానండీ. మా అమ్మది. అమ్మ పోయి నెలైంది. అది లేకపోతే నిద్ర పట్టదు."

గుమస్తా పనిలో చేరి వారమే అయింది. రూలు ప్రకారం గుర్తులు చెప్పినవాళ్ళకే సామాను. పెన్ను తీసింది కానీ మనసొప్పక, "బాబాయ్!" అని లోపలికి కేకేసింది.

జాగిలం బాబాయి టీ గ్లాసుతోనే వచ్చాడు. వాసన చూసి సామాను ఎవరిదో పసిగడతాడని ఆయనకా పేరు. అడుగంటిన పాల కంపు భరించలేక అందరూ పారబోసిన టీని ఆయనొక్కడే చప్పరిస్తున్నాడు. పిసినారి అనుకుంది గుమస్తా.

శాలువాని మొహానికి ఆనించి, కళ్ళు మూసుకుని, గట్టిగా పీల్చాడు.

"తెలిసిపోయింది. అయినా మీరూ ఓసారి వాసన చూడండి" అని కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

సంచీ ఆవిడ రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, ముక్కుకి జానెడు దూరంలో ఆపి, "నా సెంటు వాసనే!" అంది.

అమ్మాయి శాలువాలో మొహం దాచేసుకుంది. వెనక జనం గొణుగుతున్నా తల ఎత్తలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఆ పిల్లదే. రాసిచ్చెయ్."

"ఏమిటీ దౌర్జన్యం?" అని లేచింది సంచీ ఆవిడ.

"సెంటు సంగతి పోలీసు కుక్కనడుగుదామా తల్లీ? పక్క గదిలోనే ఉంది."

ఆవిడకి ఉన్నట్టుండి రైలు టైమైపోయింది.

అమ్మాయి శాలువాని గుండెలకి హత్తుకుని దణ్ణం పెట్టి వెళ్ళింది. గుమస్తా కళ్ళు చెమర్చాయి. ఇలాంటి మనిషి దగ్గర పని నేర్చుకోవడం అదృష్టమే అనుకుంది. ఉండబట్టలేక అడిగింది.

"ఇంతకీ అది ఏం వాసనొచ్చింది బాబాయ్?"

బాబాయి ఆ టీలో ఆఖరి గుక్క కమ్మగా తాగాడు.

"నాకేం తెలుసమ్మా! నా ముక్కు పుట్టినప్పట్నుంచీ కళ్ళజోడు మొయ్యడానికి తప్ప దేనికీ పనికిరాలేదు."