అట్టమీద ఈశ్వరయ్య

"నా మొగడు గుండ్రాయి లెక్క ఉన్నడు! బతికున్న మనిషికి గిసొంటి ఫోటో ఏస్తరా బిడ్డా?"

జంగమ్మ నోరు తెరిస్తే ఎంకపల్లిల ఇంక మైకెందుకు? సగం వాడ వాకిట్లకొచ్చింది. పుస్తకం అట్ట నమూనా చేతిల పట్టుకొని జెన్నీ బిత్తరపోయింది.

జెన్నీ సికింద్రాబాద్ పిల్ల. ఒళ్లు గట్టి చేసుకొని బతికెటోళ్ల ఫోటోలతోని పుస్తకం ఏస్తున్నది. షాబాద్ బండలు కొట్టెటోళ్లు, గొర్లు కాసెటోళ్లు, కల్లు గీసెటోళ్లు, అందరున్నరు అండ్ల. పేరు 'మొండి పానాలు'. అట్ట మీద మాత్రం జంగమ్మ మొగుడు ఈశ్వరయ్య ఒక్కడే. తాటిచెట్టు నడిమిట్ల, నడుముకు సుట్టిన మోకు మీద ఒరిగి, ఆకాశం దిక్కు సూసుకుంట. బొమ్మ నల్లగ, తెల్లగ.

"ఏమైందక్కా? ఫోటో బాగలేదా?"

"బాగుంటే ఏం జేస్కోవాలె? రంగేది? మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాంక రోడ్డు పొంటి ఫ్లెక్సీలు సూస్కుంటనే వచ్చినవ్ గద! లీడరు పుట్టినరోజుకు రంగులు. గెలిస్తే రంగులు. ఓడిపోయినా రంగులే. నల్లగ తెల్లగ ఎప్పుడేస్తరు? కన్నీటి శ్రద్ధాంజలికి! గీ బొమ్మ కింద తారీఖులు రాస్తె అయిపాయె!"

"నిజమే మేడం," అన్నడు సైదులు. ఈశ్వరయ్యతోని చెట్లెక్కేటోడే. "మా చిన్నాయనది అచ్చం గిట్లనే ఏసిండ్రు."

ఈశ్వరయ్య మొకం వాడిపోయింది. పాపం, ఆయన బొమ్మ ఇప్పటిదాంక ఒక్క ఫ్లెక్సీ మీద పడలే. లీడర్ల కింద వాడల పోరగాళ్లందరి మొకాలు వరుసగ ఉంటయి గాని, వాళ్లు ఫోటోలు దిగే టైముకు ఈయన చెట్టు మీద ఉంటడాయె. అందుకే అట్ట ముచ్చట ముడిమ్యాల సుట్టాల దాంక డప్పు కొట్టుకున్నడు. దూరదేశాలల్ల గుర్రాల మీద పసులు కాసెటోళ్ల ఫోటోల పుస్తకం జెన్నీ సూపిచ్చిన నాడైతే ఆయన షాన్ సూడాలె. "టోపీలు మంచిగున్నయ్ మేడం. గాని గుర్రం మీదికెల్లి పడ్డోడు దులుపుకొని లేస్తడు. మా తాడు చెట్టు మీదికి రమ్మను, సూద్దాం!" అని మీసం దువ్విండు.

గా మీసమే ఇప్పుడు కిందికి జారింది. మోకు మీద పానం పెట్టి ఎక్కేటోడు అపశకునమంటే జంకకుంట ఉంటడా?

"రంగులేస్తే మీ ఛాతీ మీద మోకు రాపిడి కనబడదన్నా," అని జెన్నీ బతిమిలాడింది. "రేపే ప్రెస్సుకు పోవాలె. కానీ మీ ఇంట్ల వద్దంటే నేను వెయ్య. మీ ఫోటో లోపల పెట్టి, అట్ట మీద గొర్ల కొమురయ్యను వేస్త."

"కొమురయ్యనా!" ఈశ్వరయ్య ఎగిరిపడ్డడు. "గొర్ల ఎన్క నడిసెటోడు అట్టెక్కుతడు, తాడెక్కెటోణ్ణి నేను లోపల పండుకుంటనా? ఏమే, జర నిమ్మళంగ ఆలోచించు."

"బొమ్మ నొసటికి ఎర్రగ బొట్టు పెడితే?" అని అడిగింది జెన్నీ.

"బొట్టు పెడితే ఇగ దండ ఒక్కటే తక్కువ," అన్నది జంగమ్మ.

"సైదులన్నను పక్కన నిలబెడితే?"

"ఇద్దరు ఒక్కపారే పోయిండ్రంటరు."

సైదులు మెల్లగ గోడ చాటుకు జరిగిండు.

జెన్నీ అరుగు మీద కూలబడి తల పట్టుకున్నది. ఎంతమందో మొండి మనుషులను సూసింది గాని గిసొంటి మొండిమనిషి తగల్లే. జరసేపటికి తల లేపింది.

"అక్కా, శ్రద్ధాంజలి ఫ్లెక్సీల మొగుడు పెండ్లాం పక్కపక్కన నవ్వుకుంట నిలబడతరా?"

"గట్లెందుకుంటరు? గది పెండ్లిరోజుదైతది."

"అయితే అన్న పక్కన మీరే నిలబడండి!"

"నేనా? ఛీ ఛీ! నాకెందుకు బిడ్డా గా ఫోటోలు? ఇంటినిండ పనున్నది."

వాడోళ్లందరు "నిలబడు వదినే, నిలబడు" అని ఎంటబడ్డరు. ఈశ్వరయ్య రెండు చేతులు జోడిచ్చిండు. "అట్టను కొమురయ్య పాలు చెయ్యకే తల్లీ, నీకు దండం పెడత!"

"ఇగ ఏం జేస్తం? నీ పానం కోసం తప్పుతదా," అనుకుంట జంగమ్మ లోపలికి పోయి చీర మార్చుకొని వచ్చింది.

అందరు తాటిచెట్టు కాడికి పోయిండ్రు. ఈశ్వరయ్య భుజాన మోకు. జంగమ్మ నెత్తి మీద నిండు కల్లు లొట్టి. చెయ్యి పట్టకుంట, మెడ కదలకుంట, నడుం మీద చేతులు పెట్టుకొని కెమెరా దిక్కు సూసి నవ్వింది. జెన్నీ కెమెరా తిప్పి తీసిన బొమ్మ సూసుకొని "అబ్బ!" అన్నది. ఇదే అట్ట, ఇంకో మాట లేదన్నది. నల్లగ తెల్లగున్నా ఇట్లైతే ఫికర్ లేదని జంగమ్మ గూడ ఒప్పుకున్నది. జెన్నీ సంబురంగ కారెక్కి సిటీ తొవ్వ పట్టింది.

మొగుడు పెండ్లాలు ఇంటి తొవ్వ పట్టిండ్రు. ఈశ్వరయ్యకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

"నేనంటే నీకు గింత పానమని నాకు ఎరుకనే లేకపాయె జంగీ. నాకేమన్న అయితదని అంత పెద్ద మేడంతోని కొట్లాడితివి. మందిల మాట పడితివి."

"సాల్తియ్, నడువు."

నడుసుకుంటనే ఆయన ఆమె దిక్కు మల్లొకపారి సూసిండు. "అవునే, జాకెట్ కొత్తగున్నది. చేతులకు గీ పూసల పనేంది? ఎప్పుడు కుట్టనిచ్చినవ్?"

జంగమ్మ కొంగు సర్దుకున్నది.

"అట్ట మీద నీ ఒక్కని బొమ్మే ఏస్తరని ఎరుకైన నాడే."