గుండె సంతకం

ఈ ఏటి నుంచి మా పిల్లల హైస్కూల్లో తల్లుల సంతకం చెల్లదు. ఎక్స్‌కర్షన్‌కి పంపాలంటే అద్దం పలక మీద చెయ్యి పెట్టి "సరే" అనాలి. లోపల గుండె కూడా ఒప్పుకుంటేనే పచ్చ దీపం వెలుగుతుంది.

సూర్యలంక సముద్రానికి తొమ్మిదో తరగతి పిల్లలంతా బస్సెక్కేశారు. మా కెజియా ఒక్కతే సంచీ భుజాన వేసుకుని నా పక్కన నిలబడింది. నేను మూడుసార్లు "సరే" అన్నాను. మూడుసార్లూ ఎర్ర దీపమే.

"ఏం వదినా, సముద్రం నీ పిల్ల కోసమే కాచుక్కూర్చుందా?" అంది వెనక నుంచి మా పక్కింటి మస్తాన్‌బీ. బస్సులో పిల్లలు నవ్వారు.

"భయపడకుండా ఇంకోసారి చెప్పండమ్మా," అన్నారు టీచరుగారు.

చెమట పట్టిన చెయ్యి మళ్ళీ పెట్టాను. కళ్ళ ముందు అలలే కదిలాయి. మళ్ళీ ఎరుపే.

"పోనీలే అమ్మా, నేను వెళ్ళను. ఇంటికి పోదాం పద," అంది కెజియా.

నా చెయ్యింకా పలక మీదే ఉంది. "సరే," అన్నాను, హమ్మయ్య అనుకుంటూ. పచ్చ దీపం వెలిగింది.

"వచ్చేసింది! ఎక్కెయ్ తల్లీ!" అన్నారు టీచరుగారు.

కెజియా దీపాన్ని చూసింది, నన్ను చూసింది. అదెందుకు వెలిగిందో దానికి తెలిసిపోయింది. బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను మాత్రం కొంగులో దాచుకున్న నా చేతిని బయటికి తియ్యలేకపోయాను.