తెల్ల ముక్కలు

"ఆగకు. పక్కకి చూడకు. నడు," అంది అత్త కాత్యాయని.

నిభ నడుస్తూనే ఉంది. పక్కింటి జుబైదా ఇద్దరికీ బురఖాలిచ్చింది; నిభది కాళ్లకి అడ్డం పడుతోంది.

డెబ్బయ్యొకటి మార్చి. ఢాకా పాతబస్తీలో కర్ఫ్యూ కాస్త సడలించారు, మళ్లీ ఎప్పుడు బిగిస్తారో తెలియదు. ఈలోగా సదర్‌ఘాట్ రేవు చేరాలి. అక్కడ చంటిదాన్ని ఎత్తుకుని, పడవ మాట్లాడుకుని మొగుడు రాఖాల్ ఎదురు చూస్తున్నాడు.

రోడ్డు నిండా హిందువుల కోసం వెతికే పాకిస్తాన్ సిపాయిలు. అందుకే విక్టోరియా పార్కులోంచి అడ్డదారి.

మామూలు రోజుల్లో కూర్చోడానికి బెంచీ దొరకని తోట. ఇవాళ పావురాలు తప్ప ఎవరూ లేరు.

"ఈ చెట్లకే కదూ అత్తయ్యా, వెనకటికి తెల్లదొరల మీద తిరగబడ్డవాళ్లని ఉరేసింది?"

"ఇప్పుడే గుర్తొచ్చిందా నీకు? దుర్గా దుర్గా అనుకో."

"మనసులోనా, పైకా?"

"పైకి అను. నా కొడుక్కి రెండో పెళ్లి చేస్తాను."

నిభ బురఖా చేతులు వేళ్ల దాకా లాక్కుంది. లోపల బెంగాలీ హిందూ ముత్తైదువలు వేసుకునే తెల్లటి శంఖపు గాజులు, బంగారు తీగ చుట్టినవి. పొద్దున తీసేస్తానంటే, విధవరాలైన అత్త మీద పడిపోయింది. "మొగుడు బతికుండగా శంఖం తీస్తావా? వాడికేమన్నా అయితే?"

తోట మధ్య ఉన్న రాతి స్తంభం చాటు నుంచి ఒక ముసలాడు లేచాడు. నెత్తిన టోపీ, నోటి నిండా పాన్, భుజం మీద ఎర్ర తుండుగుడ్డ.

"ఏమే! ఇంట్లో చెప్పకుండా ఎక్కడ తిరుగుతున్నావే!" అని ఉర్దూలో అరిచాడు, తోటంతా వినపడేట్టు.

నిభ చెయ్యి పట్టుకుని స్తంభం వెనక్కి ఈడ్చాడు. అత్త వెనకే పరుగెత్తింది.

ముసలాడు మొలలోంచి చిన్న సుత్తి తీశాడు.

తల మీద పడుతుందనుకుని నిభ కళ్లు మూసుకుంది.

తుండుగుడ్డ మణికట్టుకి చుట్టుకుంది. టక్. రెండో చేతికి చుట్టుకుంది. టక్.

కళ్లు తెరిచేసరికి చేతులు బోసిగా ఉన్నాయి. ముక్కల్ని నేల మీద పడనివ్వకుండా గుడ్డలో పట్టి, కళ్లకద్దుకుని, మూట కట్టుకుంటున్నాడు వాడు.

"పో," అన్నాడు. అంతే.

"నీ చేతులు పడిపోను! బంగారు తీగ కోసం మాంగల్యం తెంపుతావా?" అత్త గొణుక్కుంటూ కోడల్ని లాక్కుపోయింది.

నిభకి సిపాయిల భయం పోయింది. అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. రేవులో ఏదో జరిగింది. లేకపోతే గాజులెందుకు పగులుతాయి?

గేటు దగ్గర సిపాయి అడ్డం నిలబడ్డాడు.

"చేతులు."

రోడ్డు వైపు నుంచి వచ్చిన ఒకావిడ మణికట్టు మీద తెల్లగా ఏదో మెరిసింది. ఆమెని పక్కకి లాగేశారు.

నిభ తన చేతులు చాపింది. సిపాయి తిప్పి చూశాడు.

"వెళ్లు."

పది అడుగులు పడ్డాక అత్త ఊపిరి వదిలింది. "దొంగ వెధవ దొంగతనం మనకి కలిసొచ్చింది."

వెనక కేకలు. తిరిగి చూశారు. సిపాయిలు ముసలాణ్ని పట్టుకుని మూట దులిపారు. తెల్ల ముక్కలు గుట్టగా రాలాయి.

"చూశావా? ఎంతమంది ఆడాళ్లని దోచాడో!"

తుపాకీ పేలింది. తోటలో పావురాలన్నీ ఒక్కసారే లేచాయి.

రేవులో రాఖాల్ పడవలోనే ఉన్నాడు. నిభ అతని మొహం తడిమి చూసుకుని అప్పుడు ఏడ్చింది.

"పడవ కదలదేం?" అంది అత్త.

"ఈ పెద్దమ్మ కదలనివ్వట్లేదమ్మా. శంఖపు గాజులు చేసే శంఖారీబజారు ఆవిడ. వాళ్లాయన రావాలట," అన్నాడు రాఖాల్.

"వెనకే వస్తున్నాడమ్మా," అంది ముసలావిడ. "నేను గేటు దాటాకే చేతులు చూడ్డం మొదలెట్టారు. ఆయన తోటలో ఆగి, నువ్వు పో, పనుందని సైగ చేశాడు."

"తోటలోనా? అక్కడొక దొంగ ఉన్నాడమ్మా," అని అత్త మొదలుపెట్టి, సుత్తి సంగతి, మూట సంగతి, తుపాకీ సంగతి అన్నీ చెప్పేసింది. "పీడ విరగడైంది!"

ముసలావిడ నిభ మణికట్టు పట్టుకుని వేలితో తడిమింది.

"గీతైనా పడలేదే."

"గుడ్డ చుట్టి కొట్టాడు," అంది నిభ.

"ముక్కలు నేల మీద పడనిచ్చాడా?"

"లేదు. కళ్లకి అద్దుకుని..."

నిభ ముసలావిడ చేతుల శంఖాల వైపు చూసింది.

"ఇక ఎవరూ రారు, పోనివ్వు నాయనా," అని పడవవాడితో చెప్పి, ముసలావిడ తన చేతుల శంఖాలని గుడ్డ చుట్టకుండానే పడవ అంచుకేసి కొట్టుకుంది.