పక్కనే రాసిన పాస్‌వర్డ్

కుళ్లిన రొయ్యల నీళ్లు వంటింటి గచ్చంతా పారుతుంటే హైమవతి చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుంది. వారం సరుకంతా ఫ్రిజ్‌లోనే ఉంది. తలుపు మాత్రం తెరుచుకోదు, లోపల చల్లదనమూ లేదు.

మొన్న మొగుడు శేషగిరి వంటయంత్రం కోసం నెట్‌లో ఉచితంగా దొరికిన రొయ్యల ఇగురు వంటకం ఫైలు దించాడు. "దీనికి తాళముంది, లోపలేముందో నాకు కనబడదు, తెరవొద్దు" అంది వైరస్‌లు రాకుండా చూసే ఇంటి కాపలాయంత్రం. "పాస్‌వర్డ్ పక్కనే రాశారుగా, మంచివాళ్లే" అంటూ కాపలాని ఆపేసి మరీ తెరిచాడు.

"తాళంచెవి కూడా ఇచ్చేవాడు తాళమెందుకు వేస్తాడండీ, కాపలా కళ్లు కప్పడానికి కాకపోతే? ఛీ!" అంది హైమవతి.

ఆ ఫైల్లోని వైరస్ ఫ్రిజ్‌లోకి పాకి చల్లదనం ఆపేసింది; తలుపు తీయాలంటే ఫ్రిజ్ తెర ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతోంది. శేషగిరి ఆశగా ఆ పాతదే కొట్టాడు. తలుపు కదల్లేదు.

"ఈసారి పక్కన రాయలేదేం, మీ మంచివాళ్లు?" హైమవతి కొంగుతో ముక్కు మూసుకుని, ఫినాయిల్ సీసా అతని చేతిలో పెట్టింది.