లూకా ఫాంటు

"నాకొద్దు. మిషను కొట్టిన కార్డు నాకెందుకు?" అని ఎలీసమ్మ చర్చిలో వెనక బెంచీ మీదే కూర్చుండిపోయింది.

జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక ఖరగ్‌పూర్ తెలుగు చర్చిలో ఒక్కొక్కరూ పళ్లెంలోంచి ఒక వాగ్దానం కార్డు తీసుకుంటారు. దాని మీదున్న వాక్యమే వాళ్లకు ఆ ఏటికి దేవుడిచ్చిన మాట. నలభై ఏళ్లుగా ఆ కార్డులన్నీ ఎలీసమ్మ భర్త లూకాయే రాశాడు. రైల్వే పార్సిల్ ఆఫీసులో పారేసే అట్టల్ని రెండు వేళ్ల వెడల్పున కత్తిరించేవాడు. అంత సన్నటి ముక్కలో వాక్యమంతా పట్టాలి కదా, అక్షరాలు బక్కగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడేవి. తలకట్లు మాత్రం టోపీ ఎగరేసినట్టు పైకి లేచేవి. చూస్తేనే నవ్వొచ్చేది.

జూన్‌లో లూకా ఆస్పత్రిలో పోయాడు. మలంచాలో ప్రింటింగ్ షాపు నడిపే సిరిల్ పాత కార్డులు అడిగి తీసుకుని, ఆ రాతతో కంప్యూటర్‌లో ఫాంటు తయారుచేశాడు. ఊళ్లో తెలుగువాళ్లకది తెగ నచ్చేసింది. పెళ్లిపత్రికలు, ట్యూషన్ బోర్డులు, ఆఖరికి ప్రేమ్ బజార్ టిఫిన్ హోటల్లో మెనూ కూడా అందులోనే. మొగుడి అక్షరాల్లో మసాలా దోసె చూసొచ్చాక ఎలీసమ్మ మళ్లీ ఆ బజారు వైపు వెళ్లలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే, ఈ ఏడు కూడా ఆయన చేత్తో రాసిన కార్డు. ఈసారి కార్డులన్నీ సిరిల్ ఆ ఫాంటులోనే అచ్చేశాడని, అదిక రాదని తెలిసి లోపల్లోపల కుమిలిపోతోంది.

పళ్లెం ఖాళీ అయ్యాక సిరిల్ ఒక కార్డు పట్టుకుని ఆమె దగ్గరకొచ్చాడు.

"నీకని విడిగా తీసుంచినాను పిన్నీ. ఒక్కపాలి సూడు."

పక్కింటి ఏంజలిన్ కూడా బతిమాలింది. ఎలీసమ్మ అయిష్టంగానే కళ్లద్దాలు పెట్టుకుంది. సిరిల్ ఇచ్చిన కార్డు అందుకుని, ఏంజలిన్ చేతిలోది కూడా అడిగి తీసుకుని, రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. ఏంజలిన్ కార్డులో అక్షరాలు అచ్చం వయసులో ఉన్న లూకా రాసినట్టే ఉన్నాయి. తన కార్డులో అక్షరాల వరుస కిందికి జారిపోయింది. తలకట్లు వాలిపోయాయి. ఒక్క అక్షరమూ కుదురుగా లేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

"ఇదేటి సిరిల్? ఆళ్లందరికీ బాగానే వచ్చింది కదా. నా కాడికొచ్చేసరికి నీ మిషను పాడైపోనాదా? ఆయన రాత ఇలాగుండదు."

కార్డు వెనక్కి ఇచ్చేయబోయింది. సిరిల్ పుచ్చుకోలేదు. ఏడు నెలలుగా దాచుకున్న మాట అతనికిక చెప్పక తప్పలేదు. ఆమె పక్కన కూర్చున్నాడు.

"అది మిషను కాదు పిన్నీ, ఈ ఏటికి నీకియ్యమని ఆస్పత్రి మంచం మీద బాబాయే రాసినాడు."