చావని కూడూ

ఈపాటికి ఇసుకలో పడి ఉండాల్సిన కూడూ జింక మళ్లీ మందలో కలిసిపోయింది.

డేబె మోకాళ్ల మీద కూర్చుని గిట్టల అచ్చులను వేలితో తడిమాడు. నిన్న పొద్దున అతని బాణం దాని డొక్కలో దిగింది. విషం ఒళ్లంతా పాకడానికి ఒక రోజు పడుతుంది. అందుకే ఎప్పటిలాగే వదిలేసి ఇంటికి వెళ్లాడు. ఈ అడుగులు తడబడాలి, తూలాలి. ఇవి మాత్రం విందుకు బయల్దేరినంత హుషారుగా సాగాయి.

"తగల్లేదేమో," అన్నాడు మామ కాషే.

"తగిలింది మామా. పుల్ల ఊడి ఇక్కడే పడింది, ఇదిగో. ములుకు లోపలే ఉంది."

"అయితే దాని దురద తీర్చి పంపావు. పుణ్యమే అల్లుడూ!"

డేబె ఆ పుల్లను పొదిలో దోపుకున్నాడు. నడక వచ్చిన నాటి నుంచీ అతని చేతిలో విల్లు ఉంది. గడ్డిపుల్లలతో పేడపురుగులను కొట్టాడు, తర్వాత బల్లులను, తర్వాత పిట్టలను. తోటి పిల్లలు ఆడి అలసి నిద్రపోతే అతను ఇంకా గురి చూస్తూనే ఉండేవాడు. మొదటి జింకను పడగొట్టినప్పుడు తండ్రి అతని నుదుట గాటు పెట్టి మసి అద్దాడు. ఆ మచ్చను మించిన నగ ఈ కలహారిలో లేదని అతని నమ్మకం. కొన్నాళ్లుగా ఎన్ని బాణాలు తగిలినా ఒక్క జంతువూ పడటం లేదు.

పిల్లనిచ్చినవాళ్ల దగ్గరే ఉండి, బిడ్డ పుట్టేదాకా అల్లుడు మాంసం తెచ్చిపెట్టాలి. తేలేనివాడు విల్లు భుజాన వేసుకుని వచ్చిన దారినే పోవాలి. పిల్ల ఇష్టాయిష్టాలు ఎవరూ అడగరు. అడిగేది మాంసమే.

అల్లుడితో అత్త ముఖాముఖి మాట్లాడకూడదు. వాళ్లు గుడిసెల దగ్గరికి రాగానే అత్త చూకో కూతురివైపు తిరిగి, అల్లుడికి వినబడేలా అడిగింది.

"సాగై, మీ ఆయన్ని అడుగు. కుండ పొయ్యి మీద పెట్టనా, బోర్లించి కూర్చోనా?"

"ఊరుకో అమ్మా. అతనేం చేస్తాడు?"

సాగై భర్త భుజం మీంచి అంబులపొది తీసి గుడిసెలో తగిలించింది. వచ్చి పక్కన కూర్చుంది.

"విషం ఎవరితో కలిసి చేశావు?"

"త్సామ్కోతో. ఎప్పుడూ వాడితోనేగా."

"అవే విషప్పురుగులు, అందులో కలపడానికి నేను ఏరి తెచ్చిన అదే తుమ్మబంక. మరి వాడి బాణాలకెలా పడుతున్నాయి?"

డేబెకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు.

త్సామ్కో చిన్ననాటి స్నేహితుడు. చివరి గుడిసె ముందు కూర్చుని వింటినారి పేనుతున్నాడు.

"నాకిచ్చినవి మంచి పురుగులా, పుచ్చువా?"

త్సామ్కో పగలబడి నవ్వాడు. "నీకు ఎండ దెబ్బ తగిలిందిరా. ఇలా నీడలోకి రా."

"సాగైని నువ్వూ అడిగావుగా!"

నవ్వు ఆగింది. "అడిగాను. వాళ్ల నాన్న నీ గురి చూసి నీకిచ్చాడు. నీ పెళ్లిలో అందరికంటే ఎక్కువ గెంతింది ఎవడ్రా?" తన పొదిలోంచి ఒక బాణం తీసి అందించాడు. "మొన్న దీని జోడే గెమ్స్‌బాక్ జింకని పడేసింది. తీసుకెళ్లి కొట్టు. బాణం నాది కాబట్టి మాంసమూ నాదే. అయినా మీ అత్త కుండ నింపుతాలే."

డేబె ఇంటికొచ్చి సంగతి చెప్పాడు. సాగై ఆ బాణాన్ని కూడా పొదిలో దోపింది.

"కొట్టి చూడు. వాడి నిజం తేలిపోతుంది."

మర్నాడు ఆ బాణం మరో కూడూ మెడలో దిగింది. ఆపైరోజు దాని అడుగులు కూడా హాయిగా మందలో కలిశాయి. ఈసారి కాషే హాస్యమాడలేదు.

స్నేహానికి గుర్తుగా ఇన్నేళ్లలో త్సామ్కో ఇచ్చిన బాణాలన్నీ ఏరి డేబె అతని కాళ్ల దగ్గర పడేశాడు. వాళ్లలో అంతకు మించిన తిట్టు లేదు.

"నావి నాకిచ్చెయ్."

"ఒరేయ్, ఒక్కమాట..."

"ఇచ్చెయ్!"

త్సామ్కో ఒక్కొక్కటే తీసి ఇసుకలో పెట్టాడు. చివరిదాన్ని పెట్టే ముందు దాని ఈకలను వేలితో సరిచేశాడు. డేబె చూడలేదు.

"వెళ్లు నాయనా," అన్నాడు కాషే. "నువ్వు చెడ్డవాడివని కాదు. ఆకలి ఎవరి మాటా వినదు."

సాగై అతని చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చింది. డేబె ఆమె కళ్లు తుడిచి, విల్లు తగిలించుకుని వెళ్లిపోయాడు. ఇంత మోసం చేసినవాడితో ఒకే నిప్పు దగ్గర పెరిగానా అన్న మాటే దారంతా అతన్ని తొలిచింది.

అతను కనుమరుగయ్యాక చూకో కూతుర్ని దగ్గరకు తీసుకుంది.

"ఏడవకే తల్లీ. కట్టబెట్టిన రోజు వాడొద్దంటూ పొదల్లోకి పారిపోతే ఈడ్చుకొచ్చాం. తీరా నీ మనసు కుదిరాక ఇలా అయింది. విషం చెడగొట్టిన ఆ త్సామ్కో చేతులు పడిపోను!"

సాగై దారివైపు మరోసారి చూసింది. ఎవరూ లేరు. కళ్లు తుడుచుకుంది.

"విషం గీకేసి వట్టి బంక పూసింది నేనేనమ్మా."